నువ్వేం తింటావు?

ప్రియమైన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చైనా అనుభవాలు రాయమని వార్డెన్ సార్ అడిగారు. అక్కడి పెద్ద భవనాలు, బుల్లెట్ రైళ్లు మీరు టీవీలో చూసే ఉంటారు. నేను ఒక ప్రశ్న గురించి, ఒక పండుగ భోజనం గురించి రాస్తున్నాను.

డిగ్రీలో ఉండగా టౌన్‌లో అద్దె గది కోసం తిరిగితే ప్రతి ఇంటివాళ్లూ "నువ్వేం తింటావు?" అని అడిగారు. అది తిండి గురించిన ప్రశ్న కాదని మనకు తెలుసు. మా అమ్మ పండుగనాడు కూడా పనికి వెళ్లి, ఆ ఇంటి పెరట్లో నిలబడి, కొంగులో పిండివంటలు వేయించుకొని తెచ్చేది. చిన్నప్పుడు సంబరంగా తిన్నాను. పెద్దయ్యాక అవి గొంతు దిగలేదు.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. 2024 ఆగస్టు చివర్లో స్కాలర్‌షిప్ మీద పి.జి. చదవడానికి చైనా వెళ్లాను. మా క్లాసులో షాన్‌డాంగ్ రాష్ట్రపు పల్లెటూరి అబ్బాయి ఉన్నాడు. సెప్టెంబర్ 17న వాళ్ల మధ్య శరత్కాల పండుగ. ఆ రాత్రి నిండు చంద్రుణ్ణి చూస్తూ మూన్‌కేక్ అనే గుండ్రటి తీపి వంటకాన్ని ముక్కలు కోసి ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. అతను నాకో ముక్క పెట్టాడు. నేను అమ్మ కట్టిచ్చిన అరిసె తుంచి ఇచ్చాను. అలా స్నేహం కలిసింది.

అతని తల్లిదండ్రులు దూరపు నగరంలో ఫ్యాక్టరీ కార్మికులు. ఏడాదికొకసారి వసంత పండుగకే ఇంటికి వస్తారు. అతను నానమ్మ దగ్గర పెరిగి, తర్వాత స్కూలు హాస్టల్లో చదివాడు. బొంబాయికి, గల్ఫ్‌కు పోయినవాళ్ల పిల్లలు మన హాస్టల్లో ఎంతమంది లేరు!

2025 జనవరి 29న వాళ్ల కొత్త సంవత్సరం. సెలవులకు అందరూ ఊళ్లకు బయలుదేరారు. "మా ఇంటికి రా" అన్నాడు. నానమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ నావైపు తిరిగి, "నువ్వేం తింటావు?" అన్నాడు.

గుండె ఝల్లుమంది. ఇక్కడ కూడానా!

"ఎందుకు?" అన్నాను.

"జియావోజీలో ఏం కూరాలో నానమ్మ అడుగుతోంది."

అంతే!

జియావోజీ మన కజ్జికాయలాగే ఉంటుంది. పలుచగా వత్తిన గోధుమపిండిలో పందిమాంసం ఖీమా, క్యాబేజీ కూరి, మడిచి, నీళ్లలో ఉడికిస్తారు. వెనిగర్‌లో అద్దుకొని తింటారు. పండుగ ముందు రాత్రి అందరూ కలిసి చేస్తారు. నేను చేసినవి నీళ్లలో విడిపోయాయి. ఇల్లంతా నవ్వులే! చేపను మాత్రం పూర్తిగా తినకుండా మిగిల్చారు. వాళ్ల భాషలో చేపనూ, మిగులునూ ఒకేలా "యూ" అని పలుకుతారు. చేప మిగిలితే వచ్చే ఏడు ఇంట్లో సంపద మిగులుతుందట.

నానమ్మ నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకొని, తన చాప్‌స్టిక్స్‌తోనే నా గిన్నెలో జియావోజీలు వేసింది. ఒకదానిలో నాణెం పంటికి తగిలింది. అది దొరికినవాళ్లకు ఆ ఏడాది అదృష్టమట! నానమ్మే గుర్తుపెట్టుకొని నాకు వేసిందని మిత్రుడు తర్వాత చెప్పాడు.

ఆ దేశంలో కష్టాలు లేవని అనను. సెలవులు అయిపోగానే అతని అమ్మానాన్నలు మళ్లీ మూటలు సర్దుకున్నారు. కానీ ఆ రాత్రి నేను అమ్మకు ఫోన్ చేస్తే అమ్మ అడిగిన మొదటి మాట, "ఇంట్లకు రానిచ్చిండ్రా బిడ్డా?"

"నానమ్మ పక్కనే కూసున్ననమ్మా" అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పండుగకు ఇంటికి వెళ్లలేక హాస్టల్లోనే ఉండిపోయినవాళ్లు ఈసారి కూడా ఉంటారు. వాళ్లను "నువ్వేం తింటావు?" అని అడగండి. వండి పెట్టడానికి మాత్రమే అడగండి.

మీ అన్న,
పూర్వ విద్యార్థి