దీపం ఎందుకు ఆరింది?

మూఢనమ్మకాల మీద పదేళ్ళుగా రాస్తున్నవాణ్ణి. ఈమధ్య నాదే ఒకటి బయటపడింది. అది దేవుడి గురించి కాదు, కారు గురించి.

మేముండేది బెంగళూరులో. ఆయుధపూజ వెళ్ళిన వారంలో డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజిన్ దీపం వెలిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణికేది. "చక్రాల కింద నిమ్మకాయలు పెట్టమంటే విన్నారు కాదు బాబూ" అన్నారు మా అత్తగారు. నేను నవ్వి, ఫోనుకి కలిపే చిన్న స్కానర్ తెచ్చి పెట్టాను. పి0171 అని కోడ్ వచ్చింది. అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని.

కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పొగగొట్టం మొదట్లో ఉండే ఎయిర్ ఫ్యూయల్ సెన్సార్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బట్టి ఈ పాళ్ళు ఎలా ఉన్నాయో కంప్యూటర్‌కి చెబుతుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మి పెట్రోలు పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. ఈ సర్దుబాటే ఫ్యూయల్ ట్రిమ్. నా కారులో అది 24 శాతం ఎక్కువ చూపిస్తోంది.

"సెన్సార్ పోయింది" అని తేల్చేశాను. ఏ ఆధారంతో అని నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. కోడ్‌లో సెన్సార్ పాడైందని ఎక్కడా లేదు. కబురు తెచ్చినవాడినే నేరస్తుణ్ణి చేశాను. 14 వేలు పోసి కొత్తది వేయించి, కోడ్ చెరిపించాను. దీపం ఆరింది! ఆ రోజు పొద్దున్నే అత్తగారు నాకు చెప్పకుండా బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారట. ఎవరికి వాళ్ళం గెలిచామనుకున్నాం.

మూడోరోజు దీపం మళ్ళీ వెలిగింది.

ఈసారి హిందూపురం వైపు నుంచి వచ్చి షెడ్డు పెట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు స్పార్క్ ప్లగ్ ఊడదీసి చూశాడు. "సెన్సార్ అబద్ధం చెప్పుంటే కంప్యూటర్ ఊరికే పెట్రోలు పోసేది, ప్లగ్గు నల్లగా మసిబారేది. ఇది బాగానే ఉంది కదా సార్" అన్నాడు. తర్వాత ఇంజిన్‌ని 2500 తిప్పుల దగ్గర పట్టి ఉంచాడు. ట్రిమ్ 7కి పడిపోయింది. వదిలేస్తే మళ్ళీ 24. ఎక్కడో దొంగగాలి దూరుతోందన్నమాట. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పీల్చే గాలే తక్కువ కాబట్టి అందులో దొంగగాలి వాటా పెద్దది. వేగం పెరిగితే ఆ వాటా చిన్నదైపోతుంది.

గొట్టాల మీద కార్బ్ క్లీనర్ కొంచెం కొంచెం కొట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఇంజిన్ శబ్దం మారింది. వంపు దగ్గర పగిలిన రబ్బరు గొట్టం. ధర చెప్పడానికి సిగ్గేస్తోంది, 180 రూపాయలు.

నాకు నచ్చింది ఆ తర్వాత చేసిన పని. పాత సెన్సార్ డిక్కీలో ఉందంటే తెమ్మని, కొత్తది విప్పి దాన్నే బిగించాడు. ట్రిమ్ 3 శాతం! పాపం, అది మొదటినుంచీ నిజమే చెబుతోంది.

మరి ఆ మూడు రోజులూ దీపం ఎందుకు ఆరింది? కోడ్ చెరిపితే ఎవరికైనా ఆరుతుంది. వరసగా రెండు ప్రయాణాల్లో అదే లోపం తేలితే గానీ కంప్యూటర్ మళ్ళీ వెలిగించదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ, ఆరిన దీపాన్ని రుజువుగా తీసుకున్నాను.

కొత్త సెన్సార్‌ని షాపువాళ్ళు వాపసు తీసుకోలేదు. ఇంటికొచ్చి అత్తగారికి జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "అయితే మీ సెన్సారూ నా నిమ్మకాయా ఒకటేనన్నమాట. నాది పది రూపాయలే" అన్నారు.