ఆ మాట నేను చెప్పలేదు

సెన్సార్‌లో ఒక మాటకి అభ్యంతరం వస్తే ఇదివరకు స్టూడియో నుంచి ఫోనొచ్చేది. "అక్కా, చిన్న కరెక్షన్. ఓ అరగంట వచ్చి వెళ్తారా?" అనేవాడు ఇంజినీరు. ఆటో ఎక్కి వెళ్లి, పాత టేక్ విని, ఆ పూట గొంతు ఏ శ్రుతిలో ఉందో పట్టుకుని, ఒక్క మాట చెప్పి వచ్చేదాన్ని. తేలికనుకుంటారు గానీ కాదు. తెరమీద పెదాలు ఎక్కడ కలిశాయో మన మాటలోనూ అక్కడే కలవాలి. అందుకే "ముండ" తీసేస్తే ఆ జాగాలో "మొండి" కూర్చుంటుంది, "దొంగ" కూర్చోదు. ఇలాంటివి పుస్తకాల్లో ఉండవు. సీనియర్ల పక్కన నిలబడి క్రౌడ్ వాయిస్‌లు చెప్పుకుంటూ నేర్చుకున్నాం.

ఈమధ్య నేను డబ్బింగ్ చెప్పిన ఒక సినిమా ఓటీటీలో చూస్తుంటే, నేను చెప్పని మాట నా గొంతులో వినిపించింది. నా గొంతే, అనుమానం లేదు. కాకపోతే ఆ మాటకి ముందు ఊపిరి లేదు. మనిషి కోపంగా అరవబోయే ముందు గాలి పీలుస్తాడు. అది లేకుండానే అరుపొచ్చేసింది. ఇంజినీరుకి ఫోన్ చేశాను. "మీ ట్రాక్ ఏఐలో పెట్టే చేశాం అక్కా, రిలీజ్ హడావుడి కదా, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని" అన్నాడు. నన్ను ఇబ్బంది పెట్టకుండా నా కూలి మిగుల్చుకున్నారన్నమాట. వాడి మీద కోపం లేదు, చెప్పిన పని చేశాడు.

ఆ తర్వాతే కాపీరైట్ చట్టం తెరిచాను. తెలిసిన లాయరుగారు పక్కన కూర్చుని చదివించారు. రాసిన డైలాగు సాహిత్యం కింద రక్షణ పొందుతుంది. రికార్డయిన ధ్వనికి మామూలుగా యజమాని నిర్మాత. నేను ఆ మాట పలికిన తీరు "ప్రదర్శన", దానికి యాభై ఏళ్ల హక్కు ఉంది. ఉత్త గొంతుకి మాత్రం ఆ చట్టంలో చోటు లేదు. 1957 చట్టం రాసినవాళ్లకి గొంతు మనిషిని వదిలి బయటికి పోతుందన్న ఊహ ఎందుకుంటుంది? 2012 సవరణలో ఒక మంచి ముక్క ఉంది. ప్రదర్శనని సినిమాలో కలపడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, "అదే సినిమా"లో నిర్మాత దాన్ని వాడుకుంటుంటే మనం అడ్డు చెప్పలేం. అదే సినిమాలో. వేరే సినిమాకో, గొంతులు తయారుచేసే యంత్రానికి మేతగానో ఇవ్వడానికి ఆ ఒప్పుకోలు చాలదని నా వాదన. ఇంకా ఏ కోర్టూ నాకా మాట చెప్పలేదు.

పేరున్నవాళ్ల సంగతి వేరు. 2024లో గాయకుడు అరిజిత్ సింగ్ బాంబే హైకోర్టుకి వెళ్తే, అనుమతి లేకుండా ఆయన గొంతుని కృత్రిమంగా పుట్టించకూడదని మధ్యంతర ఉత్తర్వులిచ్చారు. "కీడా కోలా" సినిమాలో ఎస్పీ బాలుగారి గొంతుని ఏఐతో వాడారని ఆయన కొడుకు చరణ్‌గారు లీగల్ నోటీసు పంపారు. అదే ఏడాది "లాల్ సలామ్"లో రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు మళ్లీ వినిపించారు గానీ, ముందు కుటుంబాలని అడిగి, పారితోషికం ఇచ్చి మరీ చేశానన్నారు. వీళ్లందరికీ ఒక ధీమా ఉంది: వినగానే ఎవరిదో జనం చెప్తారు.

మాది సరిగ్గా తిరగేసిన వృత్తి. నన్ను గుర్తుపడితే నేను పని చెడగొట్టినట్టు. సరితగారు విజయశాంతికి చెప్తుంటే జనం అది విజయశాంతి గొంతనే నమ్మారు, ఆవిడ గొప్పతనమంతా అందులోనే ఉంది. రేపు నా గొంతు ఎవరో ఎత్తుకుపోయారని కోర్టుకెళ్తే, "ఇది మీదేనని ఎవరికి తెలుసు?" అంటారు. నేను బాగా పనిచేసిన కొద్దీ నా దగ్గర సాక్ష్యం తగ్గుతుంది.

చట్టంలో ఇంకో మెలిక ఉంది. సినిమాలో యథాలాపంగా, అప్రధానంగా కనిపించి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో కూడా పేరు పడనివాళ్లని ప్రదర్శకులుగా లెక్కించరు. ప్రదర్శనని వికృతం చేస్తే అడిగే హక్కు ఒక్కటే వాళ్లకి మిగులుతుంది. హీరోయిన్‌కి సినిమా అంతా చెప్పినదాన్ని అప్రధానం అనలేరు, నిజమే. క్రౌడ్ చెప్పే పిల్లల మాటేమిటి? పేరు వెయ్యమని అడిగినప్పుడల్లా "కీర్తి కండూతి" అని నవ్వినవాళ్లున్నారు. కండూతి కాదు, అది దస్తావేజు.

ఒక కంపెనీవాళ్లు "వాయిస్ డేటా" పని ఉందని పిలిస్తే వెళ్లాను. "రేపటి రైలు ఆలస్యంగా వస్తుంది" అన్న వాక్యం మామూలుగా ఒకసారి, కోపంగా ఒకసారి, ఏడుస్తూ ఒకసారి, సంతోషంగా ఒకసారి చదవాలట. రైలు ఆలస్యమైతే సంతోషించేదెవరో నాకర్థం కాలేదు. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది: ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇకముందు పుట్టబోయే ఏ సాంకేతికతలోనైనా వాడుకోవచ్చు. ఒక్కసారి డబ్బిచ్చి చేతులు దులుపుకోవడం. ఆ పేరా కొట్టెయ్యమన్నాను, కుదరదన్నారు, వచ్చేశాను. నా తర్వాత వెళ్లిన అమ్మాయి సంతకం పెట్టింది. ఆమెకి ఇంటద్దె కట్టాలి. తప్పు పట్టను.

మిమిక్రీ దొంగతనం కాదా అని అడుగుతారు కొందరు. నేరెళ్ల వేణుమాధవ్‌గారు వేదికెక్కి ఇది ఫలానావారి గొంతు అని పేరు చెప్పి పలికేవారు, ఆ పలికే గొంతు ఆయనదే. ఇక్కడ పేరూ చెప్పరు, పలికేవాడూ ఉండడు.

ఇప్పుడు ప్రతి ఒప్పందంలోనూ రెండు ముక్కలు పెన్నుతో రాస్తున్నాను: ఈ సినిమాకు మాత్రమే, టైటిల్స్‌లో పేరు. మొన్న ఒక ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ చేశాడు. "పేరుకేముంది మేడమ్, వేస్తాం. ఆ 'మాత్రమే' ఒక్కటీ తీసెయ్యండి." తియ్యనన్నాను. బుధవారం డబ్బింగ్ పెట్టుకుని సోమవారం దాకా కబురు లేదు. ఈలోగా సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించారట. ఇంటర్వెల్ తర్వాత హీరోయిన్ ఏడుస్తూ మాట్లాడుతూనే ఉంటుంది, ఆ వెక్కిళ్ల మధ్య మాట వాళ్లకి కుదరలేదు. మంగళవారం సంతకం పెట్టి కాగితం పంపారు.