ఆర్డర్లకు చివరి తేదీ

మా దగ్గర పనికి వచ్చేవాళ్లు ముందు మమ్మల్నే ఇంటర్వ్యూ చేస్తారు. "ఇంకా ఎవరెవరు చేస్తున్నారండి? బాత్రూం ఉందా అండి? బడి వదిలే టైముకి ఇంటికెళ్లిపోవచ్చా అండి?" ఈ మూడింటికీ సరైన జవాబు దొరికాకే జీతం మాటెత్తుతారు. డాలస్‌లో నేను ఉద్యోగం చేసే చోట ఐదు రౌండ్లు ఇంటర్వ్యూలు చేస్తారు గానీ, మనిషి కుదురుగా నిలబడుతుందా లేదా అన్నది ఇంత తొందరగా తేలదు.

నిడదవోలులో మా వదిన, ఇక్కడ నేను కలిసి పచ్చళ్లు, పిండివంటలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. వంట, ప్యాకింగు ఆవిడ చూసుకుంటుంది. వెబ్‌సైటు, లెక్కలు, కస్టమర్లతో మాటలు నావి. మా ఊళ్లో డిగ్రీ అయిన కుర్రాళ్లు జంక్షన్లో రైలెక్కి హైదరాబాదు పోతారు. అదే డిగ్రీ చదివిన ఆడపిల్లలు పెళ్లయి, చంటిపిల్లలతోనో మంచాన పడ్డ అత్తగారితోనో ఉన్నచోటే ఉండిపోతారు. సమిశ్రగూడెం నుంచి, తిమ్మరాజుపాలెం నుంచి ఆటోల్లో మా షెడ్డుకి వచ్చేది వాళ్లే. మనుషులు కావాలని బోర్డు పెడితే ఒక్కరూ రారు. డ్వాక్రా గ్రూపు లీడరు చెవిన వేస్తే సాయంత్రానికి నలుగురు వస్తారు. వాయిదా సొమ్ము వేళకి కట్టేదెవరో, మాట మీద నిలబడేదెవరో ఆవిడకి కొట్టినపిండి. అంతకు మించిన రిఫరెన్సు ఏముంటుంది?

మేం పెట్టే పరీక్ష ఒక్కటే. ఆవకాయ నింపి సీలు వేసిన ప్యాకెట్లు పది ఇచ్చి, పంపడానికి పనికొస్తాయో లేదో చూడమంటాం. సీలు పడే అంచుకి ఆవగింజంత నూనె అంటుకున్నా అది సరిగ్గా అతకదు. ఒక్క ప్యాకెట్టు కారితే అట్టపెట్టెలో ఉన్న సున్నుండల దగ్గర్నుంచి జంతికల దాకా అన్నీ పోయినట్టే. కొందరు చేత్తో నొక్కి చూస్తారు, కొందరు శుభ్రంగా తుడిచి పక్కన పెడతారు. ఒకావిడ మాత్రం ఏమీ మాట్లాడకుండా పదింటినీ పాత పేపరు మీద తలకిందులుగా వరసగా పెట్టి, "రేపొద్దున చెబుతానండి" అని వెళ్లిపోయింది. తెల్లారేసరికి రెండింటి కింద కాగితం మీద రూపాయి బిళ్లంత నూనె మరక. ఇప్పుడు ప్యాకింగు మొత్తం ఆవిడ చేతిలోనే ఉంది. ఆవిడ వద్దంటే మా వదిన చెప్పినా పెట్టె గుమ్మం దాటదు.

ఇక మానేసేవాళ్ల సంగతి. అమెరికాలో జప్పోస్ అని ఆన్‌లైన్ చెప్పుల దుకాణం ఉంది. కొత్తగా చేరినవాళ్లకి, మానేస్తే డబ్బిస్తాం అనేవాళ్లు. పని మీద మనసు లేనివాళ్లు తొందరగా తప్పుకుంటారని వాళ్ల లెక్క. 2009లో జప్పోస్‌ని కొన్న అమెజాన్, తర్వాత గోదాముల్లో పనిచేసేవాళ్లకి ఏటా అదే బేరం పెట్టింది: మొదటిసారి 2,000 డాలర్లు, ఏడాదికి వెయ్యి చొప్పున పెరుగుతూ 5,000 దాకా. ఆ బేరం రాసిన కాగితం మీద దయచేసి ఇది తీసుకోవద్దని కూడా రాసి ఉంటుందని జెఫ్ బెజోస్ 2014లో వాటాదార్లకి రాసిన లేఖలో చెప్పాడు. తెలివైన ఏర్పాటే. కానీ మా షెడ్డులో మనసు లేక మానేసినవాళ్లు లేరు. కూతురి పురుడని మానేస్తారు, మామగారికి పక్షవాతం వచ్చిందని మానేస్తారు. అందుకే మానేసినవాళ్ల పేర్లు మేం కొట్టెయ్యం. మనవడికి మూడో నెల వచ్చాక తిరిగొచ్చిన మనిషికి పని మళ్లీ మొదట్నుంచి నేర్పక్కర్లేదు.

వ్యాపారం పెరిగేకొద్దీ చట్టం కూడా లెక్కలోకి వస్తుంది. 20 మంది అయితే పీఎఫ్ కట్టాలి. 19 దగ్గర ఆపి మిగతావాళ్లని కూలీ పద్దులో రాసుకోమని మాకూ సలహాలొచ్చాయి. ఇరవయ్యో మనిషిని తీసుకునే కట్టాం. జీతంలో 12 శాతం పట్టేశారని మొదటి నెల అందరూ మొహాలు ముడుచుకున్నారు. సెల్‌ఫోన్లో పాస్‌బుక్ తెరిచి, మేం కట్టిన వాటా కూడా తమ పేరునే పడిందని చూసుకున్నాక గొడవ సద్దుమణిగింది.

వారానికోసారి షెడ్డులో అందరితో నాకు వీడియో కాల్ ఉంటుంది. వేసవిలో నాకు రాత్రి తొమ్మిదైతే వాళ్లకి మర్నాడు పొద్దున్న ఏడున్నర. నేనేం చెప్పినా అందరూ "ఆయ్, అలాగేనండి" అంటారు. అసలు సంగతి కాల్ అయ్యాక పాకం పట్టే పిన్నిగారు విడిగా ఫోన్ చేసి చెబుతారు. "అందరి ముందూ ఎందుకులే అని ఊరుకున్నానమ్మా. నువ్వు చెప్పినన్ని అరిసెలు వారంలో అవ్వవు. తడిపిండి ఏ పూటకాపూట కొట్టాలి, పాకం ముదిరితే రాయి, లేతదైతే మూకుట్లో విడిపోతుంది." ఆ కాస్త తేడా పసిగట్టే చెయ్యి మా షెడ్డులో ఆవిడదొక్కటే. అరిసెల పేజీ మీద రోజుకి ఎన్ని ఆర్డర్లు తీసుకోవాలో ఇప్పుడు ఆవిడే చెబుతారు. నేను మార్చను. ఐదు రోజుల్లో మీ ఇంటికి అని నేనిక్కడ ఒక్క ముక్క టైపు చేస్తే, దాన్ని నిలబెట్టడానికి అక్కడ ఎవరో రాత్రి తొమ్మిదింటిదాకా నిలబడాలి. ఉద్యోగులకి నేనిచ్చే హుకుములన్నీ నిజానికి కస్టమర్లకిచ్చే మాటల్లోనే ఉన్నాయి.

ఆర్డర్లు పడిపోయినప్పుడూ షెడ్డులో మనుషుల్ని చూసుకునే నడిచాం. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి సుంకం లేదన్న వెసులుబాటుని అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. మన తపాలా శాఖ అంతకు నాలుగు రోజుల ముందే అమెరికా పార్సిళ్లు ఆపేసి, అక్టోబరు 15న గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. దసరా ఆ మధ్యలోనే పోయింది. కొరియర్లో పంపుదామంటే సుంకం కలిపిన ధర చూసి జనం వెనక్కి తగ్గారు. ఎవర్నీ తీసెయ్యకుండా షెడ్డుని హైదరాబాదు, బెంగళూరు ఆర్డర్ల మీదికి మళ్లించాం. లాభం బక్కచిక్కింది గానీ చెయ్యి తిరిగినవాళ్లు చెదిరిపోలేదు.

సెలవుల దగ్గర మాకు పెద్ద చిక్కులేం లేవు, ఒక్క సంక్రాంతికి తప్ప. మార్గశిరంలో కోట సత్తెమ్మ తిరునాళ్లకి కొందరు వెళితే మిగతావాళ్లు చూసుకుంటారు. క్రిస్మస్‌కి చర్చికి వెళ్లేవాళ్ల పని రెండోవాళ్లు అందుకుంటారు. సంక్రాంతికి ఇలా వంతులేసుకోవడం కుదరదు. అమెరికాలో అరిసెల కోసం వెతికే వారమే అక్కడ వాళ్ల ఇళ్లలో అల్లుళ్లు దిగే వారం. గోదావరి జిల్లాల్లో కొత్తల్లుడికి మర్యాద తక్కువైతే ఆ మాట ఎన్నేళ్లకీ మాయదు. అందుకని పండగ ఆర్డర్లు డిసెంబరు నెలాఖరుకే ఆపేస్తాం, ఆ సంగతి దీపావళి నాడే చెప్పేస్తాం. గుమ్మం దాకా వచ్చిన లక్ష్మిని పొమ్మంటారా అని మావాళ్లే దెప్పారు. తీరా చూస్తే ఆర్డర్లు తగ్గలేదు, ముందుకి జరిగాయి.

ఆన్‌లైన్‌లో ఏదైనా అమ్ముదామనుకునే కుర్రాళ్లు, ఎంతమందిని పెట్టుకోవాలక్కా అని అడుగుతుంటారు. ఎన్ని ఆర్డర్లు వద్దనగలరో ముందు అది తేల్చుకోమంటాను.