ఒకే కప్పు కింద ఒక ఊరు



అంగడి వీధి అంటే మనకు తెలిసినది ఆకాశం కింద ఉండేదే. ఎండ కాస్తే గొడుగు, వాన కురిస్తే ఏదో ఒక కొట్టు అరుగు. ఈ నెల మీకు పరిచయం చేయబోయే అంగడిలో ఎండా లేదు, వానా లేదు. దాని పేరు సౌత్‌డేల్. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఎడైనా అనే ఊరిలో ఉంది. నేడు హైదరాబాదులోనూ విజయవాడలోనూ మన పిల్లలు ‘మాల్’ అని పిలిచే భవనాలకు వంశవృక్షం గీస్తే, మొదట్లో రాయవలసిన పేరు ఇదే.

ఈ కథ ఒక చర్చి కాలిపోవడంతో మొదలవుతుంది. 1895లో మినియాపొలిస్ నడిబొడ్డున, నికలెట్ వీధి మూలమీద ఉన్న వెస్ట్‌మినిస్టర్ ప్రెస్బిటేరియన్ సంఘపు ఆలయం అగ్నికి ఆహుతి అయింది. ఆ మూల స్థలాన్ని జార్జ్ డ్రేపర్ డేటన్ అనే బ్యాంకు వ్యాపారి కొన్నారు. ఆయన కూడా ప్రెస్బిటేరియన్ విశ్వాసే. అక్కడ ఆరంతస్తుల భవనం కట్టించి, 1902లో ఒక బట్టల వ్యాపార సంస్థను అందులోకి తెచ్చారు. తర్వాత అదే ‘డేటన్స్’ అయింది. దీనిని డిపార్ట్‌మెంట్ స్టోర్ అంటారు. బట్టలు, చెప్పులు, పాత్రలు, మంచాలు, నగలు, ఒక్కొక్కటి ఒక్కో విభాగంగా ఒకే యాజమాన్యం కింద అమ్మే పెద్ద కొట్టు అన్నమాట.

డేటన్ గారు తన నియమాలను కొట్టు గుమ్మం దగ్గర వదిలిపెట్టలేదు. ఆదివారం తలుపులు తీయలేదు. మద్యం అమ్మలేదు. మద్యం ప్రకటనలు వేసే పత్రికలకు తన ప్రకటనలు ఇవ్వలేదు. అయినా కొట్టు పెరిగింది. 1938లో ఆయన కన్నుమూశారు. 1946 నుండి ఆ సంస్థ తన లాభంలో 5 శాతాన్ని ధర్మకార్యాలకు ఇచ్చే పద్ధతి పెట్టుకుంది. 1950 తర్వాత వ్యాపారం ఆయన మనుమల చేతికి వచ్చింది. వారు అయిదుగురు అన్నదమ్ములు.

అప్పటికి అమెరికా మారుతోంది. యుద్ధం ముగిసి ఇంటికి వచ్చిన సైనికులు ప్రభుత్వ పూచీ ఉన్న అప్పులతో నగరం వెలుపల ఇళ్లు కొనుక్కున్నారు. ఇంటింటికీ కారు వచ్చింది. కొనేవారు శివారుకు వెళ్తుంటే కొట్టు కూడా వెళ్లక తప్పదని డేటన్ సోదరులు గ్రహించారు. అందుకు వారు పిలిచిన శిల్పి విక్టర్ గ్రూయెన్.

గ్రూయెన్ 1903లో వియన్నా నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. 1938లో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించినప్పుడు ప్రాణం దక్కించుకుని అమెరికా చేరారు. వియన్నాలో మనుషులు నడిచి తిరిగే వీధులు, కూర్చుని గంటల తరబడి మాట్లాడుకునే కాఫీ కొట్లు ఆయన మనసు విడిచిపోలేదు. అమెరికా శివార్లలో ఆయనకు కనిపించినవి ఇళ్లు, రోడ్లు, కార్లు మాత్రమే. పొరుగువారు ఎదురుపడే చోటు లేదు. పోగొట్టుకున్న తన ఊరిని ఇక్కడ మళ్లీ కట్టాలని ఆయన ఆశ.

1956 అక్టోబరు 8న సౌత్‌డేల్ తెరిచారు. ఖర్చు సుమారు 2 కోట్ల డాలర్లు. 72 దుకాణాలు, రెండు అంతస్తులు, బయట 5,200 కార్లు నిలిపే స్థలం. మిన్నెసోటాలో చలికాలం మంచు గడ్డకడుతుంది, వేసవిలో ఉక్కపోస్తుంది. లోపల మాత్రం ఏడాది పొడుగునా సుమారు 24 డిగ్రీలు. నడుమ పై నుండి వెలుతురు పడే విశాలమైన ఆవరణ, అందులో చెట్లు, పెద్ద పక్షుల పంజరం, హ్యారీ బెర్తోయా అనే కళాకారుడు లోహంతో చేసిన బంగారు రంగు చెట్లు.

ఇందులో వ్యాపార కిటుకు కూడా ఉంది. డేటన్స్‌తో పాటు దాని పోటీదారు డొనాల్డ్‌సన్స్ కూడా అదే కప్పు కిందికి వచ్చింది. ఒక పెద్ద కొట్టు నుండి మరో పెద్ద కొట్టుకు నడిచేవారు మధ్యలోని చిన్న దుకాణాల ముందు నుండే పోవాలి. పడవకు లంగరు ఎలాగో మాల్‌కు ఈ పెద్ద కొట్లు అలాగ. 1972లో జె.సి. పెన్నీ కూడా వచ్చి చేరింది. ఆ సంస్థ స్థాపకుడు జేమ్స్ పెన్నీ ఒక బాప్టిస్టు బోధకుని కుమారుడు. 1902లో తెరిచిన మొదటి కొట్టుకు ‘గోల్డెన్ రూల్’ అని పేరు. మత్తయి సువార్త 7వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఆ బంగారు సూత్రమే.

అయితే గ్రూయెన్ కల ఏమైంది? మాల్ చుట్టూ ఇళ్లు, బడి, ఆసుపత్రి, పార్కు, చెరువు, అన్నీ కలిపి ఒక ఊరు కావాలని ఆయన గీసిన పటం. మాల్ వచ్చాక చుట్టుపక్కల భూముల ధర పెరిగింది. యజమానులు ఆ భూములను ఎవరికి తోచినట్టు వారు వాడుకున్నారు. ఊరు రాలేదు. పార్కింగ్ మిగిలింది.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. ఎడైనాలోని కంట్రీ క్లబ్ అనే పేటలో 1920లలో అమ్మిన ఇళ్ల పత్రాలలో, తెల్లవారు కానివారు అక్కడ నివసించరాదనే షరతు రాసి ఉండేది. ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పింది. కాగితం మీద గీత చెరిగినా, నేల మీద గీత అంత త్వరగా చెరగదని మన పల్లెల్లో ఉన్నవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అందరూ కలుసుకునే చోటు అని పేరు పెట్టినప్పుడు, ఆ ‘అందరూ’ ఎవరో అడగడం అవసరం. కారు లేని పేదవాడు అక్కడికి ఎలా చేరతాడు?

సౌత్‌డేల్‌ను చూసి దేశమంతా మాల్స్ లేచాయి. నగరాల నడిమి వీధులు బోసిపోయాయి. గ్రూయెన్ 1968లో వియన్నాకు తిరిగి వెళ్లారు. 1976లో ఆ నగరం అంచున కూడా ఒక పెద్ద మాల్ తెరిచారు. 1978లో లండన్‌లో మాట్లాడుతూ ఆయన ఆ కట్టడాలకు తాను తండ్రిని కానని తెగతెంపులు చేసుకున్నారు. 1980లో మరణించారు.

కొట్ల పేర్లూ నిలవలేదు. డొనాల్డ్‌సన్స్ 1987లో చేతులు మారింది. డేటన్స్ పేరు 2001లో మార్షల్ ఫీల్డ్స్ అయింది, 2006లో మేసీస్ అయింది. డేటన్ కుటుంబ సంస్థ 1962లో చౌక ధరల కొట్టుగా మొదలుపెట్టిన ‘టార్గెట్’ తల్లిని మించి పెరిగింది. పెన్నీ కొట్టు ఉన్న చోట 2019లో పెద్ద వ్యాయామశాల తెరిచారు. పార్కింగ్ నేలలో కొంత భాగంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. గ్రూయెన్ కోరిన ఇళ్లు అరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చాయన్నమాట.

నికలెట్ వీధి మూలమీది పాత కొట్టు 2017లో మూతపడింది. కాలిపోయిన సంఘమో? అదే వీధిలో కొంత దూరాన కొత్త ఆలయం కట్టుకుని, నేటికీ అక్కడే కూడుకుంటోంది. కప్పు ఎంత పెద్దదైనా అది ఊరు కాదు. ఒకరి కష్టం ఒకరు అడిగే మనుషులు ఉంటే, వేపచెట్టు నీడైనా ఊరే.