పాత టోన్ కావాలంటే ముందు తీగలు మార్చాలి

రామచంద్రపురంలో పెళ్లి స్టేజీ ఎక్కే ఆర్కెస్ట్రా కుర్రాడు పాతకాలపు బేస్ టోన్ కోసం కొత్త గిటార్ కొనాలనుకుంటే, ముందు చెయ్యాల్సిన పని తీగలు మార్చి చూడడం. ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ.

మామూలుగా షాపులో దొరికే బేస్‌కు రౌండ్‌వౌండ్ తీగలుంటాయి. లోపలి ఉక్కు తీగ మీద గుండ్రటి తీగ చుట్టి ఉంటుంది కనుక గరుకు, మెరుపు, వేలు జరిపితే కీచుమనే చప్పుడు. ఫ్లాట్‌వౌండ్‌లో పైచుట్టు చదునైన రిబ్బన్. నునుపు, మెత్తటి గుండ్రని నాదం. ఫ్రెట్లు కూడా తక్కువ అరుగుతాయి. అమెరికా మోటౌన్ కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్ మీద లా బెల్లా ఫ్లాట్‌వౌండ్లు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జ్ దగ్గర స్పాంజి ముక్క. అందుకే ఆ స్వరం సాగకుండా ‘దుమ్’మని ఆగుతుంది.

గిటార్ ఎంపికకొస్తే, 1957 నుంచి వస్తున్న స్ప్లిట్ పికప్ ప్రెసిషన్ తరహాదే మేలు. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ వాయించిన హాఫ్నర్ బేస్‌లా బోలు శరీరం, పొట్టి మెడ ఉన్నదీ బావుంటుంది కానీ స్టేజీ సౌండ్ పెంచితే త్వరగా ఫీడ్‌బ్యాక్ వస్తుంది.

వేలి కింద తీగ చప్పుడు ఈ సీమకు కొత్త కాదు. పక్కనున్న ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వాయించిన వీణలోనూ తంత్రి మీద వేలు జారాలి. వైణికులు వేళ్లకు నూనె రాసుకునేది అందుకే. బేస్ వాయించేవాళ్లకు ఆ పని ఫ్లాట్‌వౌండ్ చేసిపెడుతుంది. టోన్ నాబ్‌ను సగానికి తగ్గించి, స్పాంజి ముక్క పెట్టి, ‘గీతాంజలి’ సినిమా పాటలతో పాటు వాయించి చూడొచ్చు.