వానలో దొరకు చేప

మా సత్రపట్టికి సముద్రముతో చుట్టరికము లేదు. పడమట కొండలు, చుట్టుప్రక్కల చెరువులు, వీధులలో మగ్గముల చప్పుడు. గాయములకు కట్టు గుడ్డ నేయుటయే మా ప్రాంతమునకు పేరు తెచ్చినది. కడలిని చూడగోరువాడు తూత్తుకుడి దాక పోవలసినదే. అట్టి ఊరివాడు సముద్రపు చేపను గూర్చి వ్రాయబూనుట వింతగా తోచవచ్చును. ఆ చేప మా యింటికి వలలో రాలేదు, వీడియో ఆటలో వచ్చినది.

నింటెండో అను జపాను సంస్థ 2020 మార్చి 20వ తేదీన ‘యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్’ అను ఆటను వెలువరించినది. నాలుగు దినములకే మన దేశమున లాక్‌డౌన్ ప్రకటింపబడినది. ఆ యేటి చివర మా మనుమరాలి చేతికి ఆ ఆట వచ్చెను. అందు యుద్ధము లేదు, గెలుపోటములు లేవు. ఒక దీవిలో ఇల్లు కట్టుకొని, అప్పు తీర్చుకొనుచు, జంతువులైన ఇరుగుపొరుగుతో కాలక్షేపము చేయవలెను. అచటి గడియారము మన గడియారమే. ఇచట రాత్రియైన అచటను రాత్రియే. పట్టిన ప్రతి జాతి చేపలో మొదటిదానిని మ్యూజియమున కీయవచ్చును. దాని అధిపతి ఒక గుడ్లగూబ. ఆ పండితునకు పురుగులన్న రోత యట! నేనెరిగిన గుడ్లగూబలకు అట్టి పట్టింపు లేదు.

ఆ చేపలలో సీలకాంత్ అనునది కలదు. 2001లో జపానులో వెలువడిన తొలి ఆట నుండియు ఇది వచ్చుచున్నది. ఏ నెలనైనను, ఏ జామునైనను దొరకును గాని, దీవిలో వాన కురియుచుండవలెను. నీటిలో పెద్ద నీడ కనబడును. గాలము వేసిన, పదింట తొమ్మిది మారులు వేరొక చేప తగులును. అమ్మిన 15,000 ‘బెల్స్’ వచ్చును. “తాతా, వాన పడతా ఉంది, నన్ను పిలవొద్దు!” అని ఆ పిల్ల కేకవేసినప్పుడు నేను వాకిట ఆరవేసిన బట్టల కొరకు పరుగెత్తిన దినములు కలవు. బయట నిప్పులు చెరుగు ఎండ!

అసలు చేప కథ ఆటకంటె రసవత్తరమైనది. సీలకాంత్ జాతి 6 కోట్ల 60 లక్షల యేండ్ల నాడే అంతరించెనని పండితులు నమ్మియుండిరి. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవున, మార్జొరీ కోర్ట్‌నీ-లాటిమర్ అను మ్యూజియం అధికారిణికి ఓడవారి చేపల గుట్టలో అయిదడుగుల నీలిచేప కనబడినది. ఆమె దానిని టాక్సీలో వేసికొని పోయెను. చెడిపోకుండ దాచుటకు చోటు దొరకలేదు. బొమ్మ గీసి జె. ఎల్. బి. స్మిత్ అను పండితునకు పంపెను. జవాబు వచ్చుసరికి లోపలి అవయవములు పారవేయబడినవి. రెండవ చేప కొరకు ఆయన నూరు పౌనుల బహుమానము ప్రకటించి, 1952 దాక వేచియుండెను. అది కొమరో దీవులలో దొరకినది. వినదగిన విషయ మిచటనే కలదు. ఆ దీవుల జాలరులకు అది క్రొత్త చేప కానే కాదు. ‘గొంబెస్సా’ అని దానికి పేరు పెట్టుకొనియే యుండిరి. నూనె చేప, తినుటకు రుచి లేదని దానిని లెక్కసేయరైరి. లోకము పోయినదనుకొన్నది వారి పడవలలో అప్పుడప్పుడు పడుచునే యుండెను.

ఇది చదివినప్పుడు నాకు ఆంధ్రదేశము నుండి వచ్చు చుట్టములు జ్ఞప్తికి వచ్చిరి. “మీకింకా తెలుగు వస్తుందా!” అని వారు మెచ్చుకొందురు. ఆ మెప్పులో లాటిమర్ ఆశ్చర్యమే కలదు. మేము గొంబెస్సా జాలరులము. మాకది దినదినము వంటింటిలో వినబడు మాట. కొందరు ‘సజీవ శిలాజము’ అని కూడ అందురు. చేప విషయముననే ఆ మాట సరిగాదని ఇప్పటి శాస్త్రజ్ఞులు వాదించుచున్నారు. నేటి చేప రాతిలోని పూర్వుల వంటిది కాదు, మారినది. మా తెలుగును అంతే. తమిళపు మాటలు చేరినవి, కొన్ని పాతమాటలు నిలిచినవి, కొన్ని జారిపోయినవి.

అట్టి శిలాజములు తెలుగువారి నదీతీరమునను కలవు. ప్రాణహిత–గోదావరీ లోయలోని కోట శిలాస్తరములలో దొరకిన సీలకాంత్‌కు 1974లో ‘ఇండోసీలకాంథస్’ అని పేరిడిరి. ఈ సంగతి చెప్పగా మనుమరాలు తలయెత్తి, “దీన్ని తెలుగులో ఏమంటారు?” అని అడిగెను. మన జాలరులు ఎరుగని చేపకు తెలుగు పేరెక్కడిది? పలు భాషలలో ఆడవచ్చునన్న ఆ ఆటలో మన దేశపు భాష యొక్కటియు లేదు. ఆ పిల్ల మాతో తెలుగు మాటలాడును, తల్లితో సగము తమిళము, స్నేహితులతో పూర్తిగా తమిళము. అక్షరములు నేర్పెదనని ఆదివారములలో కూర్చుండబెట్టితిని. రెండు వారములు వచ్చినది, మూడవ వారము రాలేదు. నేను గద్దించలేదు. గద్దించి నేర్పిన భాషను ఎవరు ప్రేమింతురు?

తుదకొక రాత్రి చేప దొరకినది. మొదటిది మ్యూజియమున కిచ్చినది. తరువాత మరియొకటి తగులగా, దానిని గుడ్లగూబ కీయక, అమ్మక, తన దీవి యింటిలో నీటితొట్టెలో పెట్టుకొన్నది. అప్పు ఇంకను తీరలేదు కదా యని నేనంటిని. “అప్పు ఉంటుందిలే తాతా” అనెను. మరునాడు నోటుపుస్తకము తెచ్చి, గొంబెస్సా అనుటకు సకారము క్రింద వత్తు ఎట్లు వ్రాయుదురని అడిగెను.