కరెంటు స్తంభం నుంచి కంప్యూటర్ దాకా

అమలాపురం దగ్గర పల్లెలో మా మేనల్లుడు హైదరాబాద్ కంపెనీ పనిని ఇంటి దగ్గర నుంచే చేస్తున్నాడు. డాబా మీది వాడి గదికి నెట్టు లైను వేస్తున్నారంటే, ముందు కేబుల్ ఆపరేటర్ కంట్రోల్ రూమ్ చూసొద్దామని వెళ్లాను. పేరు పెద్దదే గానీ అదొక పెంకుటింటి వసారా. ఏసీ, ఇన్వర్టర్ బ్యాటరీలు, ఒక ర్యాకు. అందులోని ఓఎల్‌టీ పెట్టెలో, అంటే ఇళ్లకు వెళ్లే ఫైబర్ లైన్లు మొదలయ్యే పెట్టెలో, ఒక్కో పోర్టు నుంచి సెకనుకు రెండున్నర గిగాబిట్ల దాకా వెళ్తుంది. దాన్ని స్ప్లిటర్లతో 64 ఇళ్ల వరకూ పంచుతారు. పక్కింటాయన సినిమా చూస్తుంటే మన నెట్టు నెమ్మదించడానికి ఇదీ ఒక కారణం.

2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలై నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు అన్నప్పుడు, ఫైబర్‌ను ఎక్కువగా భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఇళ్లలోకి చేర్చింది మాత్రం ఇలాంటి ఆపరేటర్లే. కోనసీమలో వాళ్లకు బాధలు రెండు: పడే కొబ్బరి మట్టలు, కొరికే ఉడతలు.

ఇంటి ముందు స్తంభం దగ్గర జాయింటు వేస్తున్న కుర్రాడి పక్కనే నిలబడ్డాను. పై పూత వలిచి, ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవర్‌తో నిటారుగా కోసి రెండు కొనలనూ అతికే మిషన్‌లో పెట్టాడు. ఫైబర్ మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుతురు నడిచే నడిమి భాగం అందులో పద్నాలుగో వంతుకు మించదు. తెరమీద రెండు కొనలూ ఎదురెదురుగా జరిగాయి, చిన్న మెరుపు, అతుక్కుపోయాయి.

"0.02 లాస్ అండి. 0.1 చూపిస్తే కోసేసి మళ్లీ వేస్తాం" అన్నాడు. కోసిన ముక్కల్ని ఒక్కటీ వదలకుండా సీసాలో వేశాడు. "గాజు కదండీ, కాల్లో దిగితే కంటికి కనపడదు."

హాల్లో నెట్టు పెట్టె దగ్గర, వెలుతురు బలం కొలిచే మీటరు మైనస్ 20 చూపించింది. మైనస్ 27 దాటితే ఎర్రలైటే.

అక్కడితో చాలామంది సరిపెట్టుకుంటారు. స్తంభం దాకా అంత జాగ్రత్తగా తెచ్చిన లైనును, ఇంట్లో ఇనుప చువ్వల స్లాబు దాటించే పని వైఫైకి అప్పగిస్తారు. మీటింగు మధ్యలో మాట తెగితే తిట్లు ఆపరేటర్‌కి. మావాడు ఒప్పుకోలేదు, క్యాట్-6 వైరు పైకి లాగించాడు. ఈ వైరు వంద మీటర్ల వరకూ నమ్మకంగా పనిచేస్తుంది, కాబట్టి మామూలు ఇంటికి దూరం సమస్యే కాదు.

ఆ కుర్రాడు ఎనిమిది తీగల్నీ వరసలో పేర్చి క్లిప్పు నొక్కాక, టెస్టర్‌లో ఏడో లైటు వెలగలేదు.

"దీంతో కూడా నెట్టు వచ్చేద్దండి. కాకపోతే వంద ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోద్ది" అంటూ కోసి కొత్త క్లిప్పు వేశాడు. వందకు నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. చెప్పకుండా వెళ్లిపోయినా ఎవరికీ తెలిసేది కాదు. బజార్లో చవగ్గా దొరికే వైరులో అల్యూమినియానికి రాగి పూత పూసి అమ్ముతారని, పూర్తి రాగిదే అడగమని కూడా అతనే చెప్పాడు.

కొత్తిల్లు కట్టుకునేవాళ్లు స్లాబు పోయకముందే, పని చేసుకునే గది దాకా నెట్టు వైరుకు విడిగా ఒక పైపు వేయించండి. కరెంటు తీగల పైపులోనే దీన్నీ దూరుస్తానని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి.